బ్రేక్‌లోనే ఫౌల్ అయితే ఏ లీగ్‌లో ఏం చేయాలి

8-బాల్ పూల్ ఆట. బ్రేక్, అంటే పేర్చిన బంతుల్ని వైట్‌తో (తెల్లబంతితో) పగలగొట్టే మొదటి షాట్, గట్టిగా తగిలింది. పదిహేను బంతులూ చెల్లాచెదురయ్యాయి. ఆఖరున వేయాల్సిన నల్లటి 8 నెమ్మదిగా దొర్లుకుంటూ వెళ్లి సైడ్ పాకెట్‌లో పడింది. జట్టువాళ్లు చప్పట్లు కొట్టబోతుండగానే వైట్ కూడా మూలకి వెళ్లి దిగిపోయింది. ఇప్పుడు గేమ్ ఎవరిది?

అమెరికాలో వారం వారం బార్లలో ఆడే ఏపీఏ (అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్) లీగ్ అయితే బ్రేక్ కొట్టినవాడు అక్కడికక్కడే ఓడిపోయాడు. డబ్ల్యూపీఏ, అంటే ప్రపంచ పూల్ సంఘం నియమాలతో ఆడుతుంటే గేమ్ ఇంకా అయిపోలేదు, ఎదుటివాడు రెండు దారుల్లో ఒకటి ఎంచుకుంటాడు. ఎరుపు, పసుపు బంతులతో ఆడే బ్లాక్‌బాల్ అయితే ఎవరికీ ఏ శిక్షా లేదు. బంతులన్నీ మళ్లీ పేరుస్తారు, అదే ఆటగాడు మళ్లీ బ్రేక్ కొడతాడు.

షాట్ ఒకటే, తీర్పులు మూడు. ఏ రూల్స్‌తో ఆడుతున్నారో తెలియకపోతే గెలిచిన గేమ్ కూడా చేజారుతుంది. ఉద్యోగాల మీద అమెరికా వచ్చి, సాయంత్రాలు లీగ్‌లో చేరుతున్న మనవాళ్లు చాలామంది ఇక్కడే తడబడటం చూశాను. ఆ తడబాటు నాకూ కొత్త కాదు.

హైదరాబాద్‌లో నేను ఆడిన పార్లర్‌లో ఫౌల్ ఏదైనా ఒకటే లెక్క. వైట్ చేతికొస్తుంది, ఎక్కడైనా పెట్టుకోవచ్చు. డాలస్ దగ్గర ఒక బార్‌లో నా మొదటి లీగ్ మ్యాచ్. అవతలి ఆటగాడు బ్రేక్‌లో వైట్‌ని పాకెట్ చేశాడు. నేను టేబుల్ చివర ఉన్న గూట్లోంచి వైట్ తీసుకుని, రెండో చివర మూల దగ్గరున్న 11కి జానెడు దూరంలో, నేరుగా పడేలా పెట్టాను. చాక్ రాసుకుని, వంగి, కొట్టాను. 11 పడింది. ఎదుటి జట్టు కెప్టెన్ లేచి వచ్చి, చాలా మర్యాదగా, అది ఫౌల్ అన్నాడు. బ్రేక్‌లో వైట్ పడితే లైన్ వెనక నుంచే ఆడాలట. అతని మాట నిజం. వైట్ ఎదుటివాడి చేతికి వెళ్లింది, ఈసారి టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకునే హక్కుతో. అతను వరసగా ఐదు బంతులు వేశాడు. మా జట్టు ఆ మ్యాచ్ ఓడింది.

అప్పటినుంచి ప్రతి మ్యాచ్‌లో ఒక వరస పాటిస్తున్నాను. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను.

1. లాగ్ కొట్టకముందే ఏ రూల్స్ అని అడగండి

బ్రేక్ ఎవరిదో తేల్చే లాగ్ షాట్‌కి ముందే ఎదుటి కెప్టెన్‌ని ఒక్క మాట అడగండి: మనం ఏ రూల్స్‌తో ఆడుతున్నాం? లీగ్ మ్యాచ్ అయితే జవాబు తేలిక. వీకెండ్ టోర్నమెంట్‌లోనే చిక్కు. బార్‌వాళ్లు సొంతంగా పెట్టే పోటీలకి సగం లీగ్ రూల్స్, సగం గోడ మీద అతికించిన కాగితం.

ఏపీఏ గురించి ఒక మాట. టెర్రీ బెల్, లారీ హబ్బర్ట్ అనే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్లు 1979లో మొదలుపెట్టిన లీగ్ అది. ఆఫీసులో పనిచేసుకుంటూ వారానికో రాత్రి ఆడేవాళ్ల కోసం పుట్టింది కాబట్టి, రిఫరీ లేకుండా ఆటగాళ్లే తేల్చుకోగలిగేలా రూల్స్ రాసుకున్నారు. డబ్ల్యూపీఏ నియమాల్లో ఎదుటివాడికి రెండు మూడు ఆప్షన్లు ఉండే చోట ఏపీఏలో చాలాసార్లు ఒకటే దారి ఉంటుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతా తేడాలు సులువుగా గుర్తుంటాయి.

దానికి తోడు ఏపీఏలో స్థానిక ఉపనిబంధనలు ఉంటాయి. మీ ఏరియా లీగ్ ఆపరేటర్ ఇచ్చే ఆ కాగితం అడిగి తీసుకుని, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఇక్కడ డబ్ల్యూపీఏ గురించి చెప్పేదంతా 2016 ప్రతి ప్రకారం. మీ టోర్నమెంట్‌వాళ్లు వేరే ప్రతి వాడుతున్నామంటే అందులో బ్రేక్ గురించిన భాగం ఒక్కటైనా చదివి వెళ్లండి. అది ఒక పేజీ మించదు.

2. లైన్ ఎక్కడుందో ముందే చూసుకోండి

బ్రేక్ కొట్టే వైపు, చివరి కుషన్ (టేబుల్ అంచు గోడ) నుంచి లెక్కపెడితే రెండో డైమండ్ గుర్తు దగ్గర టేబుల్‌కి అడ్డంగా పోయే ఊహా గీత పేరు హెడ్ స్ట్రింగ్. దాని వెనక భాగాన్ని అమెరికన్లు కిచెన్ అంటారు. బార్ టేబుళ్ల మీద ఈ గీత చాలాసార్లు గీసి ఉండదు. రెండు పక్కలా ఉన్న రెండో డైమండ్లని చూపుతో కలపండి. అనుమానంగా ఉంటే, బంతులేవీ కదలకుండా, క్యూ కర్రని టేబుల్ పైన గాల్లో అడ్డంగా పట్టుకుని చూడండి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. బంతి అంచు గీత దాటిందా లేదా అని కాదు, బంతి నడిమధ్య ఎక్కడుంది అన్నదే లెక్క. డబ్ల్యూపీఏ నియమాల్లో ఇది స్పష్టంగా రాసి ఉంది: గీత కిచెన్‌లో భాగం కాదు. వైట్‌ని సరిగ్గా గీత మీద పెడితే అది లైన్ వెనక ఉన్నట్టు కాదు. అలాగే, సరిగ్గా గీత మీద ఆగిన రంగు బంతి మీకు ఆడదగిన బంతే.

బ్రేక్ కొట్టేటప్పుడూ ఇదే గీత వర్తిస్తుంది. గట్టిగా కొట్టాలన్న ఆత్రంలో వైట్‌ని అంగుళం ముందుకి జరిపేవాళ్లు ఉంటారు. ఎదుటివాడు అలా పెట్టడం చూస్తే షాట్ అయ్యేదాకా ఆగి ఫౌల్ అనకండి. వంగకముందే చెప్పండి. రేపు మీరు ముందుకి పెట్టినప్పుడు వాళ్లూ అలాగే చెబుతారు.

3. చెల్లని బ్రేక్ వేరు, బ్రేక్‌లో ఫౌల్ వేరు

మొత్తం గందరగోళానికి మూలం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం. వీటిని విడదీస్తే సగం గొడవలు ఉండవు.

చెల్లని బ్రేక్ అంటే రాక్ (పేర్చిన బంతుల గుంపు) సరిగ్గా పగలలేదు. ఏ బంతీ పడలేదు, కనీసం నాలుగు రంగు బంతులైనా కుషన్లకి తగలలేదు. ఫౌల్ అంటే రాక్ బాగానే పగిలి ఉండొచ్చు, కానీ వైట్ పడింది, లేదా వైట్ టేబుల్ దాటి నేల మీదకి దూకింది, ఇలాంటిదేదో జరిగింది. మొదటిదానికి మందు మళ్లీ పేర్చడం. రెండోదానికి మందు ఎదుటివాడికి వైట్ ఇవ్వడం. డబ్ల్యూపీఏ, ఏపీఏ రెండింటిలోనూ మూలసూత్రం ఇదే. వివరాల దగ్గరే దారులు వేరవుతాయి.

ముందు నాలుగు బంతుల లెక్క. నాలుగు వేర్వేరు బంతులు తగలాలి. ఒకే బంతి రెండు కుషన్లకి తగిలితే ఒకటిగానే లెక్క. వైట్ ఎన్ని కుషన్లకి తగిలినా లెక్కలోకి రాదు. ఒక్క బంతి పాకెట్‌లో పడినా ఇక లెక్కపెట్టే పని లేదు, బ్రేక్ చెల్లినట్టే.

మెత్తని బ్రేక్ అని అనుమానం వస్తే టేబుల్ పక్కన, మధ్య పాకెట్‌కి కాస్త వెనకగా నిలబడి చూడండి. కొట్టేవాడి వెనక నుంచి చూస్తే రాక్ వెనక వైపు కుషన్ కనపడదు. అటే రెండు మూలబంతులు వెళ్లి తాకుతాయి. మూడు తగిలాయా నాలుగు తగిలాయా అన్న వాదన వచ్చేది ఎక్కువగా ఆ రెండింటి గురించే. ఎదుటివాడు నిజాయితీగా నాలుగు అంటే, మీకు ఖచ్చితంగా కనపడకపోతే, వదిలేయండి.

డబ్ల్యూపీఏలో బ్రేక్ చెల్లకపోతే ఆడబోయేవాడికి మూడు ఆప్షన్లు: టేబుల్ ఎలా ఉంటే అలా ఆడటం, మళ్లీ పేర్చి తనే బ్రేక్ కొట్టడం, మళ్లీ పేర్చి మొదటివాడితోనే కొట్టించడం. రాక్ సగం గుంపుగా ఉండి, వైట్ దానికి అతుక్కుని ఉంటే అలాగే ఆడటం ప్రమాదం. మీ బ్రేక్ మీద మీకు నమ్మకం ఉంటే మీరే కొట్టండి. మూడో ఆప్షన్ నేనెప్పుడూ తీసుకోలేదు. మెత్తగా కొట్టినవాడు రెండోసారి జాగ్రత్తగా, గట్టిగా కొడతాడు. మనం చేజేతులా అవకాశం ఇచ్చినట్టవుతుంది.

ఏపీఏలో ఈ ఎంపిక లేదు. మళ్లీ పేర్చాలి, అదే ఆటగాడు మళ్లీ కొట్టాలి. చెల్లని బ్రేక్‌తో పాటు వైట్ కూడా పడితే మాత్రం పేర్చాక బ్రేక్ ఎదుటివాడిది.

ఇంకో తేడా ఉంది. ఏపీఏలో వైట్ ముందుగా రాక్‌లోని మొదటి బంతికి గానీ, రెండో వరసలోని బంతికి గానీ తగలాలి. రాక్ పక్కన మెల్లగా తాకించి ఊరుకునే సేఫ్టీ బ్రేక్ కుదరదు. డబ్ల్యూపీఏలో ఏ బంతికి ముందు తగలాలన్న షరతు లేదు.

బ్లాక్‌బాల్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ కుషన్లు లెక్కపెట్టరు. ఒక బంతైనా పడాలి, లేకపోతే కనీసం రెండు రంగు బంతులు రెండు మధ్య పాకెట్లని కలిపే గీతని పూర్తిగా దాటాలి. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉన్న మన పిల్లలు పబ్ లీగ్‌లో చేరితే ముందు మరిచిపోవలసింది నాలుగు కుషన్ల లెక్క. అయితే పబ్‌లలో ఒకటికి మించి రూల్‌బుక్కులు వాడకంలో ఉన్నాయి. అడగటం తప్పనిసరి.

4. వైట్ పడితే లైన్ వెనక నుంచే

నన్ను ముంచిన రూల్ ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మామూలు ఆటలో ఫౌల్ అయితే డబ్ల్యూపీఏలోనూ ఏపీఏలోనూ వైట్‌ని టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు. బ్రేక్‌లో ఫౌల్‌కి మాత్రం ఈ రెండు చోట్లా మినహాయింపు ఉంది. వైట్ చేతికొస్తుంది, కానీ హెడ్ స్ట్రింగ్ వెనకే పెట్టాలి. డబ్ల్యూపీఏలో వైట్ పడకుండా ఇంకేదైనా ఫౌల్ అయితే, వైట్ ఉన్నచోటు నుంచే ఆడే ఆప్షన్ కూడా ఉంటుంది.

బ్రేక్‌లో పడిన రంగు బంతులు పడినట్టే ఉంటాయి, బయటికి తీయరు. ఫౌల్ చేసినవాడు రెండు సాలిడ్స్ (పూర్తి రంగు బంతులు) వేశాడు కాబట్టి అవి మళ్లీ టేబుల్ మీదకి రావాలని వాదించేవాళ్లు కనపడతారు. 8-బాల్‌లో ఆ పద్ధతి లేదు.

లైన్ వెనక నుంచి ఆడేటప్పుడు వైట్ ఆ గీత దాటకముందే కిచెన్‌లో ఉన్న బంతికి తగలకూడదు. డబ్ల్యూపీఏ ప్రకారం, గీత దాటి అవతలి కుషన్‌కి తగిలి వెనక్కి వచ్చి కిచెన్‌లోని బంతిని తాకితే తప్పులేదు. కాబట్టి వైట్ పట్టుకుని ఆగండి. ఏ బంతులు గీతకి ఇటున్నాయి, ఏవి అటున్నాయి అని ఒకసారి చూడండి. గీతకి అటూ ఇటూగా ఉన్న బంతి ఏదైనా మీకు కావలసి వస్తే, కొట్టకముందే ఎదుటివాడిని పిలిచి ఇది లోపలా బయటా అని తేల్చుకోండి. కొట్టాక తేల్చే మార్గం లేదు, బంతి అక్కడ ఉండదు కదా.

వైట్ పెట్టే చోటు విషయంలో నా అలవాటు ఇది: ముందు కొట్టబోయే బంతిని కాకుండా రెండో బంతిని చూస్తాను. కిచెన్ వెడల్పు టేబుల్ వెడల్పంత ఉంటుంది. ఎడమ చివర నుంచి కుడి చివరకి జరిగితే ఒకే బంతికి కోణం ఎంతో మారుతుంది. మొదటి బంతి పడ్డాక వైట్ ఎటు దొర్లితే రెండోది తేలికవుతుందో అటువైపు కోణం వచ్చేలా పెడతాను. దూరపు షాట్ కాబట్టి బలం తగ్గించి కొట్టడం మంచిది. ఏదీ పడే అవకాశం లేకపోతే, దూరపు బంతుల వెనక వైట్‌ని దాచే సేఫ్టీ ఆడటానికి కూడా కిచెన్ మంచి చోటే.

ఇక గ్రూపుల సంగతి. డబ్ల్యూపీఏలో బ్రేక్‌లో ఏం పడినా సాలిడ్స్, స్ట్రైప్స్ (చారల బంతులు) ఎవరివో తేలదు, టేబుల్ ఓపెన్‌గానే ఉంటుంది. ఏపీఏలో ఫౌల్ లేకుండా ఒకే రకం బంతి పడితే ఆ రకం బ్రేక్ కొట్టినవాడిదే అవుతుంది. రెండు రకాలూ పడితే ఎంపిక అతనిది. డబ్ల్యూపీఏకి అలవాటుపడినవాడు ఏపీఏకి వచ్చి, సాలిడ్ పడ్డాక స్ట్రైప్‌ని కొట్టి ఫౌల్ ఇచ్చుకోవడం నా కళ్లముందే జరిగింది.

5. ఎనిమిదో బంతి పడితే ముందు వైట్‌ని చూడండి

8 పడగానే కేకలు మొదలవుతాయి. మీరు మాత్రం వైట్ ఆగేదాకా కళ్లు తిప్పకండి. జవాబు అక్కడే ఉంటుంది.

ఏపీఏలో చెల్లిన బ్రేక్‌లో 8 పడి, వైట్ టేబుల్ మీదే ఉంటే బ్రేక్ కొట్టినవాడు గేమ్ గెలిచాడు. గుర్తుగా చిన్న గుడ్డ ప్యాచ్ కూడా ఇస్తారు. దాన్ని క్యూ బ్యాగ్ మీద కుట్టించుకుని తిరిగేవాళ్లు ఎంతోమంది. వైట్ కూడా పడితే గేమ్ పోయింది.

దీని బరువు ఎంతో తెలియాలంటే హ్యాండిక్యాప్, అంటే స్థాయిని బట్టి ఎవరు ఎన్ని గేములు గెలవాలన్న లెక్క, చూడాలి. ఏపీఏ 8-బాల్‌లో ఆటగాళ్ల స్థాయి 2 నుంచి 7 దాకా. స్థాయి 2 ఆటగాడు స్థాయి 7 వాడితో ఆడితే, మొదటివాడికి 2 గేములు చాలు, రెండోవాడు 7 గెలవాలి. ఆ స్థాయి 2 ఆటగాడికి బ్రేక్‌లో ఒక్కసారి 8 పడితే సగం మ్యాచ్ అయిపోయినట్టే. అలాంటి గేమ్‌లో వైట్ కూడా జారి పడితే, చేతిదాకా వచ్చిన ముద్ద నేలపాలైనట్టు ఉంటుంది.

డబ్ల్యూపీఏలో బ్రేక్‌లో 8 పడటం గెలుపూ కాదు, ఓటమీ కాదు. ఫౌల్ లేకపోతే కొట్టినవాడు 8ని తీసి ఫుట్ స్పాట్ మీద, అంటే రాక్‌లో మొదటి బంతి ఉండే చోట పెట్టి ఆట కొనసాగించవచ్చు, లేదా మళ్లీ బ్రేక్ కొట్టవచ్చు. వైట్ కూడా పడితే ఎంపిక ఎదుటివాడికి వెళ్తుంది: 8ని స్పాట్ మీద పెట్టించి లైన్ వెనక నుంచి ఆడటం, లేదా మళ్లీ బ్రేక్. బంతులు విడివిడిగా పరుచుకుని ఉంటే మొదటిది తీసుకోండి. మూడు నాలుగు బంతులు అతుక్కుని, కిచెన్ నుంచి ఏదీ సరిగా కనపడకపోతే కొత్త బ్రేక్ మేలు.

బ్లాక్‌బాల్ తీర్పు మొదట్లోనే చెప్పాను. నల్లబంతితో పాటు వైట్ పడినా, ఇంకేవి పడినా మళ్లీ పేర్చి అదే ఆటగాడు కొట్టడమే.

ఇంత తేడా ఎందుకని చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచిన కారణం టేబుల్‌లోనే ఉంది. బార్ టేబుళ్లు ఎక్కువగా నాణెం వేస్తే బంతులిచ్చేవి. ఒకసారి లోపలికి వెళ్లిన 8 మళ్లీ నాణేలు వేస్తే గానీ బయటికి రాదు. వైట్‌కి మాత్రం వేరే దారి ఉంటుంది. అలాంటి టేబుల్ మీద 8 తీసి స్పాట్ మీద పెట్టండి అనే రూల్ నడవదు. గేమ్‌ని అక్కడే తేల్చేయడం బార్ ఆటకి నప్పుతుంది. పాకెట్లలోంచి చేత్తో బంతి తీసుకోగల పోటీ టేబుల్ మీద స్పాటింగ్‌కి అడ్డేమీ లేదు.

ఈ తేడా తెలియక ఒక టోర్నమెంట్‌లో మా జట్టు కుర్రాడు బ్రేక్‌లో 8 పడగానే గెలిచానని సంబరంగా మిగతా బంతులన్నీ చేతులతో దగ్గరికి తోసేశాడు. అవి డబ్ల్యూపీఏ రూల్స్. అతను 8ని స్పాట్ చేసి ఆడుకోవలసిన గేమ్ అది, బంతులు చక్కగా పరుచుకుని ఉన్నాయి. కదిలించాక ఇంక ఏముంది, వాదించడానికి నోరు రాలేదు. 8 పడితే చేతులు వెనక్కి కట్టుకోండి అని కొత్తవాళ్లకి చెబుతుంటాను.

6. బంతి టేబుల్ దాటి దూకితే

వైట్ దూకితే అది వైట్ పడినట్టే, పైన నాలుగో అంకెలో చెప్పినట్టు నడుచుకోండి. రంగు బంతి దూకితే డబ్ల్యూపీఏలో అది కూడా ఫౌల్. దూకిన బంతి మళ్లీ టేబుల్ మీదకి రాదు, 8 అయితే మాత్రం స్పాట్ మీద పెడతారు. ఎదుటివాడు వైట్ ఉన్నచోటు నుంచే ఆడొచ్చు, లేదా లైన్ వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇక్కడ చాలామంది ఆలోచించకుండా వైట్ చేతిలోకి తీసుకుంటారు. ఆగి చూడండి. వైట్ టేబుల్ మధ్యలో ఆగి, పక్కనే తేలిక బంతి ఉంటే దాన్ని ముట్టుకోకపోవడమే లాభం. చేత్తో ఎత్తాక మాట మార్చడం కుదరదు.

మిగతా లీగ్‌లలో దూకిన బంతి సంగతి మీ రూల్‌బుక్‌లో చూసుకోండి.

7. పిలవాల్సింది వెంటనే పిలవండి

ఫౌల్ జరిగిందని చెప్పాల్సింది తర్వాతి షాట్ కొట్టకముందే. ఆ షాట్ మొదలైతే ఫౌల్ జరగనట్టే లెక్క. కాబట్టి బ్రేక్ అయ్యాక పది సెకన్లు ఎవరూ కదలకుండా ఉండటం మంచి అలవాటు. నేనైతే పైకే అనేస్తాను: "వైట్ పడింది. బ్రేక్ చెల్లింది. లైన్ వెనక నుంచి నాది. సరేనా?" ఎదుటివాడు సరే అన్నాకే వైట్ తీసుకుంటాను. మొదట్లో ఇలా అడగటం బెరుకుగా ఉండేది. మన యాస విని ఏమనుకుంటారో అన్న టెన్షన్ కూడా ఉండేది. కానీ ఏళ్లుగా ఆడుతున్నవాళ్లే ఇంకా ఎక్కువ అడగటం గమనించాక ఆ బెరుకు పోయింది.

మాట తేడా వస్తే బంతులు కదపకుండా ఇద్దరు కెప్టెన్లనీ పిలవండి. రూల్‌బుక్ తెరిచి చదవమనండి. గొంతు పెంచాల్సిన పని లేదు.

8. మీ బ్రేక్‌లో వైట్ పడకుండా చూసుకోండి

ఇన్ని రూల్స్ అవసరం పడకుండా ఉండాలంటే చేయవలసిన సాధన ఇది. బ్రేక్‌లో వైట్ ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకోండి. పడిన పాకెట్ మీ తప్పు ఏమిటో చెబుతుంది.

మధ్య పాకెట్‌లో పడుతుంటే మొదటి బంతికి నిండుగా తగలడం లేదు. అంచుకి తగిలిన వైట్ పక్కకి జారి అటు వెళ్తుంది. బలం మూడో వంతు తగ్గించి, మొదటి బంతి నడిమధ్యకి తగిలేదాకా అలాగే కొట్టండి. రాక్ దాటుకుని అవతలి మూల పాకెట్‌లో పడుతుంటే మీరు వైట్‌ని నడుముకి పైన కొడుతున్నారు. మీ వైపే వెనక్కి వచ్చి మూలలో పడుతుంటే మరీ కింద కొడుతున్నారు. నిండుగా తగిలి, నడుముకి రవ్వంత కింద కొట్టిన వైట్ కొద్దిగా వెనక్కి ఎగిరి టేబుల్ మధ్యలో నిలుస్తుంది. మనకి కావలసింది అదే.

ఏపీఏలో 8 పడితే గెలుపు కాబట్టి కొందరు పక్క కుషన్ దగ్గర నుంచి రెండో వరస బంతిని కొట్టే బ్రేక్ నేర్చుకుంటారు. దానివల్ల 8 కదిలే అవకాశం పెరుగుతుంది, వైట్ మూలలో పడే ప్రమాదం కూడా పెరుగుతుంది. 8, వైట్ రెండూ పడితే ఏపీఏలో గేమ్ పోతుంది కాబట్టి, ఖాళీ రోజున ఒక్కరే వెళ్లి యాభై రాక్‌లు కొట్టి, వైట్ ఎన్నిసార్లు పడిందో కాగితం మీద రాసుకోండి. పదింట రెండుసార్లకి మించి పడుతుంటే మ్యాచ్‌లో ఆ బ్రేక్ వాడకండి. నేను ఆ లెక్క రాసుకున్న రోజు యాభైలో పదమూడుసార్లు పడింది. మర్నాటి మ్యాచ్‌లో మొదటి బంతినే నిండుగా కొట్టాను.